రెండోసారి

మా బ్యాండు పేరు వేలంపాట.
పెట్టింది వజ్రవేలు.
బెల్లం మండీలో దిమ్మెల ధర పిలిచే మనిషి వాళ్ళ నాయన.
"పాటంటే అదే గదబ్బా, ఇంకోటి యాడుండాది" అన్నాడు.
ఎవరం కాదనలేదు,
ఆ పొద్దు టీ డబ్బులు కూడా వాడే ఇచ్చినాడు.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో
వెల్డింగ్ షాపు మీద గది.
కింద నిప్పురవ్వలు, పైన మేం నలుగురం.
ఎబినేజరుది చర్చిలో అడిగి తెచ్చుకున్న బేసు.
షంషాద్ మాటలు పాడదు, బస్సు పోయే ఊళ్ళు పాడుతుంది:
బంగారుపాళ్యం, పలమనేరు, వి.కోట, కుప్పం,
కుప్పం దగ్గర గొంతు దిగిపోతుంది
బస్సులోంచి జనం దిగినట్టు.
నేను మామిడిగుజ్జు డబ్బాలు కొట్టేవాణ్ణి.
నిండుదానికో శ్రుతి, ఖాళీదానికో శ్రుతి,
ఉబ్బిన డబ్బాది మాత్రం
ఏ మేళగాడికీ అంతుచిక్కని శ్రుతి.

వజ్రవేలు చిరిగిన స్పీకరును చిరిగినట్టే ఉంచి
దాంట్లోంచి గిటారు వాయించేవాడు.
కింద దామోదరం ఇనుము అతికినప్పుడల్లా
కరెంటు తగ్గి, పైన స్వరం కుంగేది.
కొన్నాళ్ళు తిట్టుకున్నాం.
తర్వాత దాన్నీ తాళంలో కలిపేసినాం.

గంగజాతరకు ఒకేసారి స్టేజీ దొరికింది,
ఆర్కెస్ట్రావాళ్ళ వ్యాను నగరి దగ్గర చెడిపోయి.
జనం సినిమాపాట అడిగినారు.
వజ్రవేలు టేపు నొక్కినాడు.
నాయన గొంతు, తెల్లారుజామున మండీ దగ్గు,
"నూటా ఇరవై... నూటా ఇరవై రెండు..."
దాని మీద గిటారు, బెల్లానికి చీమలు పట్టినట్టు.
మజ్జిగ ప్యాకెట్లు పడినాయి.
ఒక చెప్పు పడింది, ఒంటిది.
ఎబినేజరు దాన్ని కాలికి సరిచూసుకుని
జత కోసం చివరిదాకా కాచుకున్నాడు.
అప్పుడు, పంబ వాయించే కుప్పయ్య తాత
ఎవరినీ అడగకుండా ఎక్కి వచ్చి
మా వంకర లెక్కలో సరిగ్గా కూర్చున్నాడు,
ఏడు మీద ఐదు.
"ఇది మా ఇంటి సప్పుడే గదరా,
కరెంటు పెట్టినారు, అంతే."

క్యాసెట్టు ఒకటి. దుప్పట్లు కట్టిన గదిలో రాత్రంతా.
మధ్యలో లారీ హారను పడితే చెరపనీలేదు వజ్రవేలు,
అట్ట మీద ఆ లారీ నంబరుకు కృతజ్ఞతలు అచ్చేయించినాడు.
రెండొందలు తీస్తే ముప్పై ఒకటి పోయినాయి.
మిగిలినవాటి మీద షాపాయన
అయ్యప్ప భజనలు ఎక్కించి అమ్మినాడు.
ఏ ఇంట్లోనో ఇప్పటికీ
ఒక శరణానికీ ఇంకో శరణానికీ నడుమ
మా తీగ గీరుకుంటుందని నా నమ్మకం.

తీగ తెగితే వజ్రవేలు కొత్తది వెయ్యలేదు.
మేం లేమి అనుకున్నాం, వాడు లెక్క అన్నాడు.
ఆరు, ఐదు, మూడు.
ఒంటితీగ మీద ఏడాదిన్నర.
షంషాద్ మొదటి జీతంతో కొత్త సెట్టు తెచ్చిస్తే
కళ్ళకద్దుకుని తీసుకుని
పెరట్లో చిక్కుడుపాదుకు కట్టినాడు.
ఆ ఏడు కాయ బాగా కాసింది,
మా అందరి ఇళ్ళకూ పంపినాడు.

ఎబినేజరు వేలూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే పనికి పోయినాడు.
షంషాద్ గుడిపాల బడిలో భూగోళం చెబుతుంది.
గొడవలేం లేవు,
గొడవ పడేంత పేరు రాలేదు.
గదినిండా ఇప్పుడు గ్రానైటు పలకలు.

పోయిన మంగళవారం మండీకి పోయినాను,
ఇంట్లో పెళ్ళి, రెండు దిమ్మెల కోసం.
వజ్రవేలు నాయన స్టూలు మీద నిలబడి ఉండాడు,
నాయన తువ్వాలు, నాయన దగ్గు.
"ఒకటోసారి" అన్నాడు.
ఆగినాడు.
ఆ ఆగడం నాకు తెలుసు.
నా చేయి పక్కనున్న ఖాళీ నూనె డబ్బా మీద పడింది,
ఏడు మీద ఐదు.
వాడు తల తిప్పలేదు.
"రెం...డో...సా..."
ఒంటితీగ మీద లాగినట్టు లాగుతా ఉండాడు,
దిమ్మెల మీద ఈగలు లేచినాయి,
"మూడు కూడా చెప్పేయ్ సామీ, లారీ పోవాల"
అన్నాడు ఒకాయన విసుగ్గా.

నేను ఇంకా కొడతానే ఉండాను.